తోతాపురి రైతుల గుర్తింపు కాంట్రాక్టులు: ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నా అనుభవం

ఫిబ్రవరి మొదటి వారంలో పని మొదలైంది. జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఆలోపు అంతా నడవాలి. అడిగింది 640 మంది తోతాపురి రైతులున్న ఒక సంఘం. వాళ్లకు కావలసింది వినడానికి చిన్నదే. గేటు దగ్గర ఫోనో కార్డో చూపిస్తే, ఈ రైతు మా సభ్యుడు, ఇన్ని ఎకరాల తోట ఉంది, ఈ సీజన్‌కి చెల్లుతుంది అన్న మూడు ముక్కలూ ఫ్యాక్టరీ వాళ్లు ఎవరికీ ఫోన్ చేయకుండా తేల్చుకోగలగాలి. ఒకరి పేరు మీద మరొకరు లోడు దించడం ఆగాలి. రైతు వివరాలు ఏ ఒక్క ఫ్యాక్టరీ కంప్యూటర్‌లోనూ ఇరుక్కుపోకూడదు. దీనికోసం ఈథీరియం అనే బ్లాక్‌చైన్ (అందరికీ కనిపించే, చెరపలేని ఉమ్మడి లెక్కల పుస్తకం; ముద్దుగా చైన్) మీద నడిచే ప్రోగ్రాములు, అంటే కాంట్రాక్టులు రాశాం. కోడ్ రాసింది ఇద్దరం, తిరుపతిలో. గేటు పరీక్షలకు మాత్రం చిత్తూరు దాటి బంగారుపాళ్యం వైపు వెళ్లేవాళ్లం.

మొదటి రెండు వారాల కోడ్‌లో ఇప్పుడు ఒక్క లైను కూడా మిగల్లేదు. అందరూ మొదట చేసే పనే మేమూ చేశాం. రైతుకో స్ట్రక్ట్ (వివరాల కట్ట) పెట్టి అందులో పేరు హ్యాష్ (వివరం నుంచి లెక్కగట్టిన ముద్ర లాంటి సంఖ్య), ఊరు హ్యాష్, ఫోన్ నంబరు హ్యాష్, ఎకరాలు, కీ (రైతు సంతకాన్ని సరిచూసే సంఖ్య), నమోదు సమయం అని ఆరు గడులు పెట్టాం. ఈథీరియంలో ఖాళీ స్టోరేజ్ గడిని మొదటిసారి నింపితే 22,100 గ్యాస్ (చైన్ మీద పని ఖర్చును కొలిచే యూనిట్). ఆరు గడులకు 1,32,600. ట్రాన్సాక్షన్‌కి ఉండే కనీస 21,000 కలిపితే 1,53,600. దాన్ని 640తో గుణిస్తే 9.83 కోట్ల గ్యాస్. గ్యాస్ ధర 1 గ్వే (ఈథీరియం నాణెమైన ఈథర్‌లో వంద కోట్లో వంతు) ఉన్న రోజు ఇది 0.098 ఈథర్, 20 గ్వేకి ఎగబాకిన రోజు దాదాపు 2 ఈథర్లు. అదీ ఒక్క రైతూ గేటు దాకా రాకముందే.

డబ్బు కంటే నన్ను భయపెట్టింది హ్యాష్. ఫోన్ నంబరును హ్యాష్ చేస్తే దాగిపోతుందని చాలామంది నమ్ముతారు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, మిగతావి తొమ్మిది అంకెలు. అంటే మొత్తం 400 కోట్లు. మామూలు ల్యాప్‌టాప్ అన్నిటినీ హ్యాష్ చేసి పోల్చేయగలదు. ఆధార్‌దీ అదే కథ. మొదటి అంకె 0 గానీ 1 గానీ కాదు, చివరి అంకె లెక్క సరిచూసేది. మిగిలేవి 8,000 కోట్ల నంబర్లు, మంచి గ్రాఫిక్స్ కార్డుకు అదేమీ పెద్ద పని కాదు. చైన్ మీద ఒకసారి పడింది ఇక చెరగదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన వివరాలు తీసేయమని అడిగే హక్కు మనిషికి ఇచ్చింది. తీసేయలేని చోట ఎందుకు పెట్టాలి? ఆ రోజే నిర్ణయించుకున్నాం: చైన్ మీద కీలు, గడువులు, రద్దు బిట్లు (పత్రం రద్దయిందో లేదో చెప్పే గుర్తులు), అంతే. మనిషి వివరాలేవీ హ్యాష్ రూపంలో కూడా అక్కడికి పోవు. అవి సంఘం సంతకంతో పత్రంలో ఉంటాయి, పత్రం రైతు దగ్గర ఉంటుంది.

ఫిబ్రవరి చివర ఈఆర్‌సీ-1056 అనే, ఈథీరియం మీద గుర్తింపులు నడిపే పద్ధతికి మారాం. అందులో నాకు బాగా నచ్చిన సంగతి, గుర్తింపు పుట్టడానికి ట్రాన్సాక్షనే అక్కర్లేదు. కీ తయారైతే గుర్తింపు ఉన్నట్టే. ఏదైనా మారినప్పుడే చైన్ మీద రాస్తాం. 640 మంది నమోదు ఖర్చు ఒక్క దెబ్బకు సున్నా అయింది. 2022 జూలై 19న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఖరారు చేసిన డిడ్ (వికేంద్రీకృత గుర్తింపు) ప్రమాణానికి కావలసిన పత్రాన్ని కాంట్రాక్ట్ స్థితి నుంచీ ఈవెంట్ల (మార్పుల చిట్టా) నుంచీ కట్టుకోవచ్చు.

మార్చి మొదట్లో ఫోన్ దగ్గర ఇరుక్కున్నాం. ఈథీరియం ఖాతాలు సంతకాలకు వాడే గణిత వక్రం సెక్‌పీ256కే1, పొట్టిగా కే1. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కీలు దాచే కీస్టోర్ తన చిప్‌లో భద్రపరిచేది పీ-256 అనే మరో వక్రం కీలను. రెండూ వేరు. కే1 కీని ఫోన్ చిప్ దాచదు. యాప్ ఫైల్‌లో దాచాలి, లేదంటే కీని తిరిగి తెచ్చుకునే పన్నెండు పదాలు కాగితం మీద రాసుకోమని రైతుకు చెప్పాలి. రెండోదానికి మేం ఒప్పుకోలేదు. ఆ కాగితం పాసుపుస్తకంలోకి చేరుతుంది, ఆ పుస్తకం పది చేతులు మారుతుంది. 2025 డిసెంబరు 3న ఈథీరియంకు వచ్చిన ఫుసాకా అప్‌గ్రేడ్ మా సమస్యకు దారి చూపించింది. పీ-256 సంతకాన్ని చైనే సరిచూసేలా 0x100 చిరునామాలో ఒక ప్రీకంపైల్ (చైన్‌లోనే ఉండే రెడీమేడ్ ఫంక్షన్) పెట్టారు, ఖర్చు 6,900 గ్యాస్. దాంతో 1056 ఆలోచనను ఉంచుకుని రిజిస్ట్రీ మళ్లీ రాశాం. రైతు గుర్తింపు అంటే అతని తొలి పబ్లిక్ కీ హ్యాష్. చైన్ మీద రికార్డు లేకపోతే ఆ తొలి కీయే చెల్లుతుంది.

ఈ ప్రీకంపైల్‌లో ఒక గొయ్యి ఉంది. సంతకం తప్పయితే అది రివర్ట్ కాదు (పనిని రద్దు చేసి వెనక్కి తిప్పదు), ఖాళీ జవాబు ఇస్తుంది. పైగా మేం టెస్టులకు వాడే పనిముట్టు ఫౌండ్రీలో ఈవీఎం (ఈథీరియం కోడ్ నడిపే యంత్రం) వెర్షన్ ఒసాకా కంటే పాతదైతే ఆ చిరునామాలో అసలేమీ ఉండదు. కోడ్ లేని చిరునామాకు స్టాటిక్‌కాల్ (ఏదీ మార్చని పిలుపు) చేస్తే ఈవీఎం దాన్ని విజయం కిందే లెక్కేస్తుంది. మా తొలి కోడ్ కాల్ విజయం అయిందా లేదా అని మాత్రమే చూసింది. ఫలితం, ఏ సంతకం ఇచ్చినా సరే అంది. టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి, ఎందుకంటే అప్పటిదాకా మేం రాసినవన్నీ సరైన సంతకాల టెస్టులే. తప్పు సంతకంతో ఒక టెస్టు రాసిన నిమిషానికి బయటపడింది. ఇప్పుడు జవాబు కచ్చితంగా 32 బైట్లు ఉండి, విలువ 1 అయితేనే ఒప్పుకుంటాం. దాంతోపాటు కాంట్రాక్ట్‌ను చైన్ మీదికి ఎక్కించే డిప్లాయ్ స్క్రిప్టులో ముందు ఒక సరైన సంతకం, ఒక తప్పు సంతకం పంపి చూస్తాం. రెండిటికీ సరైన జవాబు వస్తేనే కాంట్రాక్ట్ ఎక్కుతుంది.

తర్వాత పది రోజులు మమ్మల్ని తిప్పలు పెట్టింది ఫోన్ సంతకం. ఎక్కువ సార్లు సరిగ్గానే పోతుంది, అప్పుడప్పుడు ఊరికే తిరస్కారం. అదే ఫోన్, అదే రైతు, రెండోసారి నొక్కితే ఓకే. నెట్‌వర్క్ అనుకున్నాం, నాన్స్ (పాత సంతకం మళ్లీ వాడకుండా ప్రతిసారీ పెరిగే వరుస సంఖ్య) అనుకున్నాం. చివరికి ఒకే ఫోన్‌తో వెయ్యి సంతకాలు చేయించి ఫైల్‌లో రాసుకున్నాం. నాలుగు తప్పాయి. ఆ నాలుగింటి బైట్లను పక్కపక్కన పెట్టి చూస్తే దొరికింది. ఆండ్రాయిడ్ సంతకాన్ని డెర్ అనే రూపంలో ఇస్తుంది, అందులో ఆర్, ఎస్ అనే రెండు సంఖ్యల పొడవు స్థిరంగా ఉండదు. పై బిట్ 1 అయితే ముందు ఒక సున్నా బైట్ చేరి 33 అవుతుంది. ఒక్కో సంఖ్యకు సగం సార్లు ఇలా వస్తుంది కాబట్టి దాన్ని మొదటి రోజే చూసి సరిచేశాం. సంఖ్య చిన్నదైతే ముందున్న సున్నాలు రాలిపోయి 31 బైట్లే వస్తాయి. ఒక్కో సంఖ్యకు ఇది 512లో ఒకసారి, రెండు సంఖ్యలు కాబట్టి సంతకానికి దాదాపు 256లో ఒకసారి. మా కోడ్ ఆ 31 బైట్లను ఎడమ వైపు నుంచి పేర్చింది, విలువే మారిపోయింది. ఎడమ పక్క సున్నా నింపితే సరిపోయింది. మార్పు ఒక్క లైను. అది పట్టుకోకపోతే 640 మందిలో ఇద్దరో ముగ్గురో గేటు దగ్గర కారణం తెలియకుండా నిలబడేవాళ్లు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. పొట్టి ఆర్, పొట్టి ఎస్ ఉన్న ఆ నాలుగు సంతకాలనూ టెస్టు ఫైల్‌లో శాశ్వతంగా పెట్టాం.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి. కీస్టోర్‌లో షా256-ఈసీడీఎస్ఏ అనే సంతకం పద్ధతి ఎంచుకుంటే, మనం ఇచ్చిన దాన్ని అది మళ్లీ షా-256 చేసి సంతకం పెడుతుంది. ఈథీరియం సంతకాల ప్రమాణం ఈఐపీ-712 ప్రకారం తయారైన హ్యాష్ ఇచ్చినా అంతే. కాంట్రాక్ట్‌లో కూడా ఆ రెండో హ్యాష్ చేయాలి, లేకపోతే ఒక్క సంతకం కూడా కుదరదు. ఇది మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది కాబట్టి భయం లేదు. అప్పుడప్పుడు మాత్రమే తప్పేవే ప్రాణం తీస్తాయి.

సంఘం తరఫున పత్రాలు జారీ చేసే కీలు మాత్రం హార్డ్‌వేర్ వాలెట్‌లోని కే1 కీలే. వాటిని సంతకం నుంచి చిరునామా రాబట్టే ఈసీరికవర్‌తో సరిచూస్తాం. అక్కడ పాత గొయ్యి ఒకటుంది, తెలిసి కూడా అందులో పడ్డాం. సంతకం చెత్తదైతే ఈసీరికవర్ సున్నా చిరునామా ఇస్తుంది. జారీదారుల మ్యాపింగ్‌లో (పట్టికలో) నమోదు కాని జారీదారు కీ కూడా సున్నాయే. సున్నా, సున్నా సమానం, పత్రం చెల్లుతుంది! నమోదు కాని జారీదారు సంతకం ఎప్పుడూ చెల్లకూడదు అని ఒక ఫజ్ టెస్టు (యాదృచ్ఛిక విలువలు ఇచ్చి చూసేది) రాస్తే ఫౌండ్రీ మొదటి ప్రయత్నంలోనే పడగొట్టింది. సంతకంలోని 'వీ' అనే విలువ 27 గానీ 28 గానీ అయితేనే చెల్లుతుంది, యాదృచ్ఛికంగా అవి రావడం అరుదు మరి. ఓపెన్‌జెపెలిన్ వాళ్ల రెడీమేడ్ ఈసీడీఎస్ఏ లైబ్రరీకి మారాం. అది సున్నా వస్తే రివర్ట్ చేస్తుంది, ఎస్ విలువ పై సగంలో ఉంటే కూడా ఒప్పుకోదు. పీ-256 ప్రీకంపైల్ అలా అడ్డుకోదు. ఒకే సందేశానికి రెండో సంతకాన్ని కీ లేకుండానే ఎవరైనా తయారు చేయగలరు. అందుకే వాడిన సంతకాల హ్యాష్‌లు దాచుకుని మళ్లీ రాకుండా ఆపుదాం అన్న ఆలోచన మానేసి, ప్రతి గుర్తింపుకూ నాన్స్ పెట్టాం.

మార్చి మూడో వారంలో సంఘం ఆఫీసులో రైతులకు నమూనా చూపించాం. ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న మా డిజైన్‌లో సగాన్ని మార్చింది. "లోడుతో నా కొడుకొస్తే నేనొచ్చినట్టు కాదా నాయనా?" నిజమే. ట్రాక్టర్ తోలేది కొడుకో, అల్లుడో, కూలికి వచ్చిన డ్రైవరో. రైతు ఫోన్ రైతు దగ్గరే ఉంటుంది. 1056లో ప్రతినిధి అనే ఏర్పాటు ముందే ఉంది, దాన్ని మేం పక్కన పెట్టాం. ఇప్పుడు అదే ముఖ్యమైంది. రైతు తన ఫోన్‌లో సంతకం చేసి, ఫలానా కీకి ఫలానా తేదీ దాకా లోడు దించే అధికారం ఇస్తాడు. గ్యాస్ సంఘం ఖాతా కడుతుంది. మొదటిసారికి 80 వేల పైచిలుకు గ్యాస్ పడుతుంది, నాన్స్ గడి అప్పటికే నిండి ఉంటే తర్వాతి నుంచి తగ్గుతుంది.

గడువు తేదీలో చిన్న మెలిక. జూలై 31 అర్ధరాత్రి అని యాప్ పంపిన సమయాన్ని యూటీసీగా (మనకంటే అయిదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కేసింది. అంటే మన గడియారంలో ఆగస్టు 1 తెల్లవారుజామున 5:30 దాకా చెల్లుతుంది. ఫ్యాక్టరీలు రాత్రుళ్లు కూడా లోడ్లు దించుకుంటాయి, అయిదున్నర గంటలు తక్కువేం కాదు. టెస్టులో గడియారాన్ని జరిపే వీఎం.వార్ప్‌తో గడువుకు ఒక సెకను ముందు, సరిగ్గా గడువు క్షణం, ఒక సెకను తర్వాత అని మూడు టెస్టులు పెట్టాం. సరిగ్గా ఆ క్షణం చెల్లుతుందా లేదా అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి, లేకపోతే యాప్ ఒకటి అంటుంది, కాంట్రాక్ట్ ఇంకొకటి అంటుంది.

ఏప్రిల్ అంతా పోగొట్టుకున్న ఫోన్ల మీదే గడిచింది. ఈ పని మొత్తంలో ఎక్కువ టైం ఇవ్వాల్సింది దీనికేనని నా గట్టి నమ్మకం. రైతు ముగ్గురిని ఎంచుకుంటాడు. ఇద్దరు సంతకం చేస్తే కొత్త కీకి మార్పు మొదలవుతుంది, 24 గంటల తర్వాత ఖరారవుతుంది. ఈలోపు పాత కీ దాన్ని రద్దు చేయగలదు. మొదట 72 గంటలు అనుకున్నాం. కోసిన కాయ మూడు రోజులు ఆగదని సంఘం కార్యదర్శి అనగానే తగ్గించాం. ఫోన్ దొంగ చేతిలో ఉంటే వాడు రద్దు చేస్తూనే ఉంటాడు కదా? అందుకే ముగ్గురూ సంతకం చేసిన మార్పును పాత కీ రద్దు చేయడానికి వీల్లేదు.

దీన్ని పరీక్షించడానికి ఇన్వేరియంట్ టెస్టులు (ఎన్ని రకాలుగా పిలిచినా ఒక నియమం విరగకూడదని చూసేవి) రాశాం. నియమం ఒకటే: కీ మారాక పాత కీ గానీ, పాత కీ ఇచ్చిన అధికారం గానీ దేన్నీ కదిలించకూడదు. ఫౌండ్రీ డిఫాల్ట్‌గా 256 రన్లు, ఒక్కో రన్‌కు 500 కాల్స్, మొత్తం 1,28,000 కాల్స్ చేస్తుంది. మొదటి రాత్రే పచ్చగా వచ్చింది, సంబరపడ్డాం. పొద్దున ఆ రిపోర్టులో రివర్టుల వరుస చూస్తే దాదాపు అన్ని కాల్సూ రివర్ట్. యాదృచ్ఛిక సంతకాలు ఒక్కటీ చెల్లవు కాబట్టి కాంట్రాక్ట్ లోపలికి ఎవరూ అడుగే పెట్టలేదు. అంత పచ్చదనానికీ అర్థం లేదు. నిజమైన కీలు చేతిలో పెట్టుకుని వీఎం.సైన్‌పీ256తో సంతకాలు చేసి పంపే హ్యాండ్లర్ రాశాం, దానికి నాలుగు రోజులు పట్టింది. దాంతో నడిపిన పావుగంటకు నియమం విరిగింది. కీ మారాక కూడా పాత కీ నియమించిన ప్రతినిధి చెల్లుతూనే ఉన్నాడు. దొంగ ఫోన్ పట్టుకుని ముందు తనను ప్రతినిధిగా పెట్టుకుంటే, రైతు కీ మార్చుకున్నా వాడు లోడ్లు దించుకుంటూనే ఉంటాడు.

ప్రతినిధులందరినీ లూప్ వేసి తీసేయడం తప్పు దారి. జాబితా పెరిగితే గ్యాస్ పెరుగుతుంది, దొంగ వంద మందిని చేరిస్తే మార్పు ట్రాన్సాక్షన్ ఆగిపోవచ్చు. దానికి బదులు ప్రతి గుర్తింపుకూ ఒక తరం సంఖ్య పెట్టాం. ప్రతినిధి మ్యాపింగ్ తాళంలో గుర్తింపు, తరం, ప్రతినిధి మూడూ ఉంటాయి. కీ మారితే తరం ఒకటి పెరుగుతుంది, పాత ప్రతినిధులు ఒక్కసారిగా చెల్లకుండా పోతారు. ఖర్చు ఒక గడి మార్పు, అంతే.

రద్దు జాబితా సులువుగా అయింది. ఒక గడిలో 256 బిట్లు, 640 మందికి మూడు గడులు. గడిలో మొదటి బిట్ వెలిగించడానికి 22,100, తర్వాతి వాటికి 5,000. రద్దు జాబితాల కోసం ఉన్న డబ్ల్యూ3సీ బిట్‌స్ట్రింగ్ ప్రమాణం మాత్రం కనీసం 1,31,072 బిట్ల జాబితా ఉండాలంటుంది, గుంపు పెద్దదైతే ఎవరి పత్రం చూస్తున్నారో బయటివాళ్లకు తెలియదని. మా గేటు యాప్ జాబితా మొత్తాన్ని ఒకేసారి తెచ్చుకుంటుంది, ఒక్క రైతు కోసం అడగదు. అందుకే మూడు గడులతో సరిపెట్టాం.

మే మొదటి వారం సెపోలియా అనే పరీక్షల చైన్. టెస్ట్ ఈథర్ కోసం మూడు రోజులు పోయింది. కొన్ని ఫాసెట్లు (టెస్ట్ ఈథర్ ఉచితంగా ఇచ్చే సైట్లు) మెయిన్‌నెట్‌లో (అసలు చైన్‌లో) నిల్వ ఉంటే గానీ ఇవ్వవు, కొన్ని రోజుకు ఒకసారే, అదీ చిటికెడు. పని మొదలుపెట్టిన రోజు నుంచే రోజూ కొంత దాచుకోవాలి, మేం చివర్లో పరిగెత్తాం. చైన్ మీది రికార్డులు చూపించే ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో సోర్స్ వెరిఫికేషన్ (పెట్టిన కోడ్ ఇదేనని రుజువు చేయడం) రెండుసార్లు తిప్పికొట్టింది. ఆప్టిమైజర్ రన్స్ సంఖ్య, ఈవీఎం వెర్షన్ డిప్లాయ్ చేసినప్పుడు వాడినవే ఇవ్వాలి. అసలైన ఈథర్ కొనేటప్పుడు ప్రతి కొనుగోలు రసీదూ, ఆ రోజు ధరా సంఘం అకౌంటెంట్‌కి ఇచ్చాం. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. లెక్క ముందే రాసిపెట్టుకుంటే మంచిది.

డబ్బు పోయింది కార్డుల దగ్గర. స్మార్ట్‌ఫోన్ లేని రైతులకు క్యూఆర్ కార్డు ఇవ్వాలి. మొదటి 40 కార్డులు వేయించాక చిన్న సవరణకు కాంట్రాక్ట్ మళ్లీ డిప్లాయ్ చేశాం. సంతకం కట్టే డొమైన్‌లో చైన్ నంబరు, కాంట్రాక్ట్ చిరునామా రెండూ ఉంటాయి. చిరునామా మారగానే 40 కార్డులూ పనికిరాకుండా పోయాయి. మెయిన్‌నెట్ చిరునామా ఖరారయ్యే దాకా ఒక్క కార్డూ వేయించకండి. రెండో సంగతి, క్యూఆర్‌లో దాదాపు 900 బైట్లు కుక్కాం. టేబుల్ మీద బాగానే చదివింది. గేటు దగ్గర కాపలా అన్న చేతిలోని పాత ఫోన్, మామిడి సొన అంటిన కార్డు, సాయంత్రం వెలుగు, ఎంత తిప్పినా చదవలేదు. పేరు, ఎకరాలు, గడువు, రద్దు జాబితాలో సూచిక, సంతకం తప్ప అన్నీ తీసేసి 300 బైట్ల లోపుకు తెచ్చాం, చుట్టూ తెల్ల అంచు పెంచాం. చదివింది.

గేటు దగ్గర సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. షిఫ్టు మొదట్లో రద్దు జాబితా, జారీదారు కీలు, ప్రతినిధుల గడువులు దింపుకుని, సిగ్నల్ దొరికినప్పుడల్లా తాజా చేసుకునేలా పెట్టాం. ఎంత పాతదో స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. ఖరారైన బ్లాక్ నుంచే చదువుతాం కాబట్టి మార్పు గేటుకు చేరడానికి దాదాపు పావుగంట, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఆ మాట రైతులకు ముందే చెప్పాం.

జూన్ రెండో వారంలో ఒక రైతు ఫోన్ తోటలోని బావిలో పడింది. ఇద్దరు సంతకాలు చేశారు, 24 గంటల లెక్క మొదలైంది. ఆయన కొడుకు అప్పటికే లోడుతో వరుసలో ఉన్నాడు. ఆ 24 గంటలూ అతని అధికారం చెల్లింది, ఆ మేరకు డిజైన్ బాగానే నిలబడింది. కానీ ట్రాక్టర్ గేటు దాకా వచ్చేసరికి 24 గంటలు దాటాయి. మా సర్వర్ మార్పును తనంతట తానే ఖరారు చేసేసింది, తరం పెరిగింది, కొడుకు కోడ్ ఎర్రగా చూపించింది. కొత్త ఫోన్ ఇంకా రైతు చేతికి రాలేదు, మళ్లీ అధికారం ఇచ్చేవాళ్లు లేరు. కాపలా అన్న మాకు ఫోన్ చేసి "కాయ వేడెక్కుతాంది సార్" అన్నాడు. సంఘం కార్యదర్శి స్వయంగా గేటు దగ్గరికి వెళ్లి పుస్తకంలో సంతకం పెట్టాకే లోడు దిగింది.

కాంట్రాక్ట్‌ను ముట్టుకోలేదు, ముట్టుకుంటే చిరునామా, కార్డులు మళ్లీ మొదటికొస్తాయి. ఖరారు కాల్ ఎవరైనా పంపవచ్చు కాబట్టి పంపే పద్ధతే మార్చాం. ఇప్పుడు సర్వర్ తానుగా ఖరారు చేయదు. కొత్త ఫోన్ రైతు చేతికి వచ్చాక, అందులో కొడుకు అధికారానికి ముందే సంతకం తీసుకుని, ఖరారు కాల్‌నూ అధికారం కాల్‌నూ ఒకే ట్రాన్సాక్షన్‌లో కలిపి పంపుతుంది. కొడుకు కోడ్ ఒక బ్లాక్‌లో పాత తరం కింద చెల్లుతుంది, తర్వాతి బ్లాక్‌లో కొత్త తరం కింద చెల్లుతుంది. దొంగతనం అని రైతు చెబితే మాత్రం 24 గంటలు నిండిన క్షణమే ఖరారు, కొడుకు ఆగాల్సిందే. ఫోన్ దొంగతనం అయిందా, బావిలో పడినట్టు పోయిందా అని చెప్పే బటన్లు రెండూ యాప్‌లో వేర్వేరుగా పెట్టాం.